చుట్టుకోత నాటి ఎండ

గడ్డికోత ఇంకా ఆరు రోజులుందనగా మా మామయ్య మార్కెల్‌ని గుర్రం తన్నింది. పరాయి గుర్రం కూడా కాదు, ఆయన చేత్తో పెంచిన మా పిల్లగుర్రమే. డెక్కలు చూద్దామని వెనక్కి వెళ్ళాడు. ఈగ వాలిందనుకుందో ఏమో, ఒక్కటిచ్చుకుంది. మోకాలి కింద ఎముక పుటుక్కుమంది. ఎముకలు కట్టే ముసలమ్మ వచ్చి, రెండు చెక్కలు పెట్టి బిగించి, "నెలన్నరలోపు ఈ కాలు నేలకి ఆనిందో, ఇక నన్ను పిలవకండి, శవాలు కడిగేవాళ్ళని పిలుచుకోండి" అని చెప్పి, ఇచ్చిన గుడ్లు ఒళ్ళో కట్టుకుని వెళ్ళిపోయింది.

మామయ్య నొప్పికి ఏడవలేదు. గడ్డి కోసం ఏడ్చాడు. గోడవైపు తిరిగి పడుకుని, మేం వినడం లేదనుకుని.

ఉరల్ నది ఒడ్డున మా ఊళ్ళో గడ్డిమైదానం ఏ ఒక్కరిదీ కాదు, తరతరాలుగా గుర్రాల మీద సైన్యానికి వెళ్ళే కొసాక్కులందరిదీ. ఏడాదికి ఒక్క రోజు, పొద్దు పొడవగానే, ఊరిపెద్ద అటమాన్ తుపాకి పేలుస్తాడు. ఇంటికొక కొడవలి, నిలబడి రెండు చేతులా ఊపుతూ కోసే పొడుగు కర్రది. పొద్దు గూకేలోపు ఎవరి కొడవలి ఎంత మేర చుట్టి, తిరిగి బయల్దేరిన చోట పాతిన తన గుంజ దగ్గరికి చేరుతుందో, ఆ చుట్టులోపలి గడ్డంతా ఆ ఇంటిది. లోపలిది తర్వాత కూలివాళ్ళని పెట్టుకుని తీరిగ్గా కోసుకోవచ్చు. చుట్టు కలవకపోతే మాత్రం, అది నాలుగడుగులే తక్కువైనా సరే, మనకేమీ లేదు. మర్నాడు ఎవడైనా వచ్చి కోసుకుపోవచ్చు.

ఆ ఏడు మా ఇంట్లో కొడవలి పట్టే మగవాడు లేడు. మామయ్య కొడుకు, మా ఆయన ఫోమా తాష్కెంట్‌లో సైన్యంలో ఉన్నాడు. ఇంట్లో మూడు ఆవులు, ఒక జత ఎద్దులు, ఆ తన్నిన గుర్రం. ఫోమా ఎక్కి వెళ్ళింది ముసలి గుర్రం. మళ్ళీ పిలుపు వస్తే ఈ పిల్లగుర్రమే దిక్కు. కొసాక్కు అన్నవాడు తన గుర్రం మీదే వెళ్ళాలి. గుర్రం లేనివాణ్ణి ఊరంతా చందాలేసి పంపుతుంది, ఇక ఆ ఇంటి గుమ్మం ముందు నుంచి పోయేవాళ్ళంతా ఆ మాట అనుకుంటూనే పోతారు. మంచు కురిసే అయిదు నెలలు ఆ నోళ్ళన్నిటికీ మేత కావాలి. గడ్డి లేకపోతే శరత్తులోనే అన్నీ అమ్ముకోవాలి, గుర్రంతో సహా.

మర్నాడు మా నాన్న యెగోర్ వచ్చాడు. ఆయన పెన్జా వైపు నుంచి వచ్చి మా ఊరి చివర బండిచక్రాలు చేసుకుని బతికేవాడు. కొసాక్కు కాదు. కొసాక్కు కానివాళ్ళందర్నీ మా ఊళ్ళో ముజిక్కులే అంటారు. అనేటప్పుడు కొంచెం ముక్కు ఎగబీలుస్తారు. ఫోమా నన్ను చేసుకుంటానన్నప్పుడు ఈ ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలీదు గానీ, గొడవ మాత్రం రోజూ వెలిగిందట. చివరికి నన్ను నదిలో ముంచి, వాళ్ళ పాత క్రైస్తవ మతం ఇచ్చి, చేసుకున్నారు.

నాన్న మెట్ల మీదే కూర్చున్నాడు. మా అత్తయ్య అన్ఫీసా, బయటివాళ్ళ కోసం వసారాలో మేకుకి వేలాడేసే చెక్కకప్పు తీసి, అందులో పుల్లటి రొట్టెనీళ్ళు పోసి ఇచ్చింది. మా కప్పుల్లో ముజిక్కులకి పోయరు. నాకు అప్పట్లో అది తప్పనిపించేది కాదు. పెళ్ళికి ముందు నేను తాగిందీ ఆ కప్పులోనే.

"బావగారూ, నన్ను రానిస్తే మధ్యాహ్నానికల్లా మీకు చుట్టు కట్టేసి ఇస్తాను" అన్నాడు నాన్న, కిటికీలోంచి లోపలికి.

"నువ్వు ఆ రోజు మైదానంలో కాలు పెడితే నీ కొడవలీ విరిచేస్తారు, నా పరువూ విరిచేస్తారు. కాలు ఎలాగూ విరిగింది. ఊరుకో బావా" అన్నాడు మామయ్య.

"అయితే నా కూతురు లేదూ? పదేళ్ళప్పుడే దాని చేతికి కొడవలి ఇచ్చాను."

అత్తయ్య పాలకుండ కింద పెట్టింది. "మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొడవలి పట్టరు."

"మా ఇళ్ళల్లో పడతారమ్మా."

"అదేగా తేడా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న మా మామయ్య కొడవలి అడిగి తీసుకుని, మెట్ల మీదే చిన్న ఇనప దాయి పెట్టుకుని, సుత్తితో అంచంతా సన్నగా సాగగొట్టి పెట్టి వెళ్ళాడు. ఆ చప్పుడు సాయంత్రం దాకా వినపడింది. అత్తయ్య ఆపమనలేదు.

ఆదివారం ఊరి కూటమి. మగవాళ్ళంతా ఊరి నడుమ బయలులో టోపీలు తీసి గుండ్రంగా నిలబడతారు, ఆడవాళ్ళు ఆ వలయంలోకి రాకూడదు, నోరెత్తకూడదు. అత్తయ్య వలయం బయట, నన్ను రెక్క పట్టుకుని నిలబడింది. తల చుట్టూ నల్ల తలగుడ్డ, గడ్డం కింద సూదితో గుచ్చి. నుదుటి మీద ఒక్క వెంట్రుక కూడా కనపడదు. నా పెళ్ళయి రెండేళ్ళయినా ఆవిడ జుట్టు ఏ రంగో నేను చూసి ఎరగను.

మామయ్య పంపిన కబురు అటమాన్ చదివాడు: కాలు విరిగింది, కోడలు కొడవలి పడుతుంది, ఒప్పుకోండి.

మొదట నోరు తెరిచినవాడు మా పక్కింటి పహోమ్. యాభై ఏళ్ళవాడు, గడ్డం బొడ్డుదాకా. పొగ తాగినవాడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయే రకం. "ఆడది కోస్తే కొయ్యనీ, దానికి నేనడ్డం రాను" అన్నాడు. "కానీ ఆ పిల్ల కొసాక్కు ఎట్లా అవుతుంది? యెగోర్ కూతురు. ఇవాళ కూతురికి ఇస్తే రేపు తండ్రి వస్తాడు, ఎల్లుండి పెన్జా అంతా నార చెప్పులేసుకుని వస్తుంది. మనవి బూట్లనీ వాళ్ళవి నార చెప్పులనీ ఇంక తేడా ఎందుకు?"

నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. అత్తయ్య చెయ్యి నా రెక్క వదల్లేదు, వదల్లేదు సరే, గోళ్ళు దిగాయి.

"పహోమూ" అంది ఆవిడ. మొత్తం వలయం తిరిగి చూసింది. "నువ్వు లెక్కలు బాగా చెప్తావు, నాకొక లెక్క చెప్పు. రేపు దీనికి కొడుకు పుడతాడు. వాడు పెద్దయ్యాక సైన్యానికి పిలుస్తారా పిలవరా?"

"పిలుస్తారు. ఎందుకు పిలవరు?"

"సగం ముజిక్కు గదా. సగమే పిలుస్తారేమో అని అడుగుతున్నా. ఒక కాలు రికాబులో పెట్టించుకుని, రెండో కాలు నార చెప్పుతో ఇంటికి పంపుతారా?"

ఈసారి నవ్వు వేరేవైపు నుంచి వచ్చింది. ముసలివాళ్ళు కూడా గడ్డాలు దాచుకుని నవ్వారు. అటమాన్ దగ్గి, "ఆడవాళ్ళు కూటమిలో మాట్లాడకూడదమ్మా" అన్నాడు.

"నేను బయటే ఉన్నాను. గాలి ఇటునుంచి అటు కొడుతోంది, నన్నేం చెయ్యమంటావు?"

ఒప్పుకున్నారు. ఒక్క షరతు: ఆ ఇంటి కొడవలి ఆ రోజు నా చేతిలోంచి మరొకరి చేతికి మారకూడదు.

దారిలో నేను థాంక్స్ లాంటిదేదో గొణిగాను. "నీ కోసమని మురిసిపోకు" అంది అత్తయ్య, నడక ఆపకుండా. "గుర్రం కోసం."

కోతనాడు చీకట్లోనే వెళ్ళి గుంజ పాతాం. అటూ ఇటూ వరసగా ఇంటికొక గుంజ, వెనక నది, ముందు కంటికి ఆననంత గడ్డి. మాకు ఎడంపక్కన పహోమ్. నేను లంగా ఎగదోపి నిలబడితే పహోమ్ చూడకుండా చూసి, ముక్కుతో ఊపిరి వదిలాడు.

తుపాకి పేలింది.

ఏం చెప్పను నా తెలివి! నాన్న నేర్పినట్టే కోశాను. పెన్జా రైతు గడ్డి కోస్తే, వెనక్కి తిరిగి చూస్తే పరక మిగలకూడదు. చేతికందినంత వెడల్పున, నున్నగా, వాకిలి ఊడ్చినట్టు. చక్కగా సాగుతోంది. కొడవలి పాడుతోంది. మధ్యలో ఒకసారి నా కోత నాకే ముద్దొచ్చింది కూడా. పొద్దు బాగా పైకొచ్చాక తలెత్తితే పహోమ్ లేడు. ఎవరూ లేరు. అందరి టోపీలూ దూరంగా మైదానంలో చుక్కల్లా పోతున్నాయి. నేను ఇంకా గుంజకి కూతవేటు దూరంలోనే ఉన్నాను.

అత్తయ్య గడ్డిలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ పరిగెత్తడం అదే మొదలు నేను చూడటం.

"ఒసేయ్, ఏం చేస్తున్నావే! ఇది మీ నాన్న చేనా? ఎవరు ఊడవమన్నారే నిన్ను?"

"గడ్డి మిగలకుండా..."

"మిగలనీ! అంతా మిగలనీ! నువ్వు గీత గియ్యాలంతే. ఒక్క కొడవలి వెడల్పు. గీత గీస్తూ పరిగెత్తు. దేవుడా, ముజిక్కు బుద్ధి, కింద పడ్డ పరక కూడా ఏరుకుంటుంది!"

ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు. ఒంటిగీత గీస్తూ పోయాను. నిజం చెప్పాలంటే నా అంత వేగంగా మగవాళ్ళు కూడా కొందరు పోలేకపోయారు. చెయ్యి చిన్నప్పటి నుంచీ అలవాటు. కానీ పోయిన పొద్దు పోయింది. పైగా అప్పుడు ఆశ పుట్టింది. గుర్రానికి ఇంత, ఆవులకి ఇంత, ఎద్దులకి ఇంత అనుకుంటూ, తిరగాల్సిన చోట తిరగకుండా ఇంకా ముందుకి పోయాను. మధ్యాహ్నం అత్తయ్య రొట్టె తెచ్చి, నా నోట్లో పెట్టి, "చాలు, తిరుగు" అంది. తిరిగాను.

తిరుగుదారిలో నేల పల్లం. గడ్డి గుండెల దాకా ఉంది. గుంజ పొట్టిది, దాని కొసన కట్టిన ఎర్రపీలిక నాకు కనపడలేదు. ఎటు చూసినా గడ్డే. కుడికి తగ్గానా ఎడమకి పోయానా తెలీలేదు. బారెడు పొద్దే మిగిలింది. అప్పుడు కుడివైపు నుంచి కొడవలి చప్పుడు వినపడింది. పహోమ్. ఆయన తన చుట్టు పెద్దది చేసుకుని, మా గుంజకి ఇవతలగా, నాకూ గుంజకీ మధ్యగా వచ్చేస్తున్నాడు. తప్పేం లేదు, ముందెవరు గీస్తే గీత వాళ్ళది. ఆయన అడ్డంగా పోయాడంటే నా చుట్టు ఇంక కలవదు.

చేతులు ఆగిపోయాయి. ఎటు పోవాలో తెలీక మనిషి ఆగిపోవడం ఎంత భయమో నాకు ఆ రోజు తెలిసింది. నాలుగడుగులు తప్పు దారిలో కోసినా అయిపోయినట్టే. "అత్తయ్యా!" అని అరిచాను. గాలికి అటు వినపడిందో లేదో.

వినపడింది. పల్లం అవతల గడ్డి మీదుగా నల్లగా ఏదో లేచింది. గడ్డి పోగుచేసే చెక్కపార కర్రకి కట్టిన తలగుడ్డ. దాని కింద తెల్లగా ఒక తల. మా అత్తయ్య తల. రెండు జడలు, పాలలా తెల్లనివి, నడుం దాకా. ఇంకా వెలుగుండగానే, మైదానం నిండా మగవాళ్ళు ఉండగా, ఆవిడ వట్టి తలతో నిలబడి కర్ర ఊపుతోంది.

పహోమ్ నాకంటే ముందే చూశాడు. ఆవిడ సరిగ్గా ఆయన గీత పోయే దారిలోనే నిలబడింది. "దేవుడా, దేవుడా" అన్నాడు. కొడవలి ఆపి, గిరుక్కున వెనక్కి తిరిగి, పడమటికి మొహం పెట్టి నేల మీద కూలబడ్డాడు. చుట్టుపక్కల అందరూ అంతే. పెద్దావిడ తల చూడటం మా మతంలో ఎంత పాపమో వాళ్ళకి వేరే చెప్పాలా! ఒక్కొక్క వీపే ఇటు తిరిగింది.

"అన్ఫీసా!" అని అరిచాడు పహోమ్, అటే చూస్తూ. "తల కప్పుకోవే! సిగ్గులేదూ?"

"ఎండగా ఉంది!"

"పొద్దు గూకబోతుంటే ఎండేంటే?"

"నా ఒళ్ళు, నా ఎండ! నీకెందుకు?"

నేను ఆ నల్లగుడ్డ మీదే కళ్ళు పెట్టి కోసుకుంటూ పోయాను. పహోమ్ సానరాయి తీసి, కొడవలి నూరుకుంటూ కూర్చున్నాడు. నూరాడు, నూరాడు. ఆ కొడవలికి నూరాల్సినంత ఏం లేదు. నేను ఆయన వెనక నుంచి, పదడుగుల దూరంలో పోయాను. రాయి చప్పుడు ఆగలేదు. గుంజ దగ్గర నా మొదటి కోతలోకి, ఆ ఊడ్చిన వాకిట్లోకి, కొడవలి దిగింది. అక్కడే గడ్డి మీద కూర్చున్నాను.

అత్తయ్య కర్ర నుంచి తలగుడ్డ విప్పి, దులిపి, చుట్టుకుని, సూది గుచ్చుకుంది. నావైపు చూడలేదు. "లే. మంచు పడుతుంది" అంది.

మర్నాడు అటమాన్ చుట్టులన్నీ చూసుకుంటూ మా గుంజ దగ్గరికి వచ్చాడు. "కలిసింది, కనపడుతూనే ఉంది. కానీ పొద్దుండగా కలిసిందా? ఎవరు చూశారు?"

ఎవరు చూస్తారు? అందరి వీపులూ ఇటే ఉన్నాయి. అత్తయ్య చూసింది గానీ, సొంతింటి సాక్ష్యం చెల్లదు.

పహోమ్ తన చుట్టు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. నా కాళ్ళు చూశాడు, బూట్లేసుకున్నానో లేదో చూస్తున్నట్టు.

"నేను చూడలేదు" అన్నాడు. "నేను పడమటికి తిరిగి ఉన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?" గడ్డం నిమురుకున్నాడు. "నా వెనక కొడవలి ఆగిపోయిన చప్పుడు విన్నాను. అప్పటికి పొద్దు నా కళ్ళల్లోనే ఉంది. కళ్ళు చిట్లించుకునే కూర్చున్నాను. అదీ నాకు తెలిసింది."

అటమాన్ తల ఊపాడు. గుంజ మీద కాల్చిన ఇనుముతో మా ఇంటి గుర్తు వేశారు. పహోమ్‌కి ఆ సాయంత్రం ఎంత గడ్డి పోయిందో నాకు తెలుసు, మా గీత పక్కన ఆయన గీత ఎక్కడ ఆగి వెనక్కి మళ్ళిందో ఇప్పటికీ చూపించగలను. నేను దగ్గరికి వెళ్ళి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకెందుకమ్మాయ్ చెప్తావు. నేను కొడవలి నూరుకున్నాను, అంతే." అలాంటి మనిషి పక్కింట్లో ఉన్నందుకు నేను ఎన్నిసార్లు దేవుడికి చెప్పుకున్నానో లెక్కలేదు.

ఆయన అంతటితో ఊరుకుంటే పహోమ్ ఎందుకవుతాడు! అదే నోటితో తిన్నగా ప్రార్థనాలయం పెద్ద దగ్గరికి వెళ్ళి, అన్ఫీసా బయలులో తలగుడ్డ తీసిందని చెప్పి వచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్తాడు ఆయన? నలభై రోజులు, రోజుకి వంద దండాలు వేశారు అత్తయ్యకి. మోకాళ్ళు నేలకి, చేతులు నేలకి, నుదురు చేతులకి. ఆవిడ మోకాళ్ళు అప్పటికే కూర్చుని లేస్తే కిర్రుమనేవి.

"ఎందుకు తీశావని అడిగారా?" అన్నాడు మామయ్య మంచం మీద నుంచి.

"అడిగారు. ఎండకి అన్నాను."

"నమ్మారా?"

"ప్రార్థనాలయంలో అబద్ధం ఆడితే ఇంకో వంద వేస్తారని తెలీదా నాకు? ఎండగానే ఉంది."

మొదటి రోజు పొద్దున, పాలు పితికి వచ్చేసరికి, ఆవిడ మూలనున్న దేవుడి పటాల ముందు నిలబడి ఉంది. చేతులు మట్టి కాకుండా నేల మీద వేసుకునే చిన్న బొంతదిండు పరుచుకుంది. వంగింది. లేచేటప్పుడు బల్ల పట్టుకుంది. నేను పాలకుండ దించి, వెళ్ళి పక్కన నిలబడి, వంగాను.

"నీకెవరు వేశారే శిక్ష?"

"ఎవరూ వెయ్యలేదు."

"మరి?"

"మీరు తీసింది నా కోసమే కదా అత్తయ్యా."

"గుర్రం కోసం" అంది. రెండోసారి వంగింది, నేనూ వంగాను. నా చేతులు ఉత్త నేల మీద పడ్డాయి. ఆవిడ లేవలేదు. అలా వంగే, బొంతదిండుని మోచేత్తో నావైపు జరిపింది, సగం నా చేతుల కిందికి వచ్చేదాకా.

అలా రోజూ. ఆవిడ మోకాళ్ళు మరీ మొరాయించిన రోజున యాభై అయ్యాక కూర్చుని, మిగతా యాభై నేను వేస్తుంటే ఒత్తుల జపమాల తిప్పుతూ లెక్కపెట్టేది. "నడుం సరిగ్గా వంచు, సగంలో లేవకు" అనేది. బయట మా చుట్టులో గడ్డి ఎండింది, కుప్పలు పడ్డాయి. బండ్లు బండ్లు తెచ్చి పెరడు నింపాం. నాన్న తోలాడు చివరి బండి. మామయ్య చెక్కలు విప్పించుకుని కర్ర ఊతతో వచ్చి, కుప్పని చేత్తో తట్టి, ఎవరూ చూడకుండా మొహం దాంట్లో పెట్టి వాసన పీల్చాడు. పిల్లగుర్రం ఆ చలికాలమంతా కడుపు నిండా తింది, కృతజ్ఞత లేకుండా ఇంకోసారి నన్ను కూడా తన్నబోయింది.

నలభై ఒకటో రోజు పొద్దున నేను పాలు పితికి వచ్చాను. ఇంక ఆ మూలతో పని లేదనుకున్నాను. ఆవిడ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. బొంతదిండు పరిచి, ఒక పక్కకి జరిగి, నాకు చోటు వదిలి.

"శిక్ష నిన్నటితో అయిపోయింది కదా అత్తయ్యా?"

"అది వాళ్ళకి. ఇది గడ్డికి" అంది. "రా, వంగు."